ఏ టిక్కు ఉంచాలి, ఏ టిక్కు తీసేయాలి

(ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకుని పాటలు చేసుకునేవాళ్ళ కోసం హైదరాబాద్‌లో జరిగిన ఒక సమావేశంలో కీబోర్డ్ ప్రోగ్రామర్ ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? సౌండ్ వాళ్ళ మీటింగులో మైకు మొరాయిస్తే పరువు పోతుంది. (నవ్వులు)

మీరందరూ చూసిన స్క్రీన్ ఒకటి గుర్తుచేస్తాను. కొత్త ప్లగిన్, అంటే పాటలు చేసే సాఫ్ట్‌వేర్‌కి అదనంగా తగిలించుకునే వాద్యమో ఎఫెక్టో, కొన్నారు, ఇన్‌స్టాలర్ నొక్కారు. మధ్యలో ఒక చోట అది ఆగుతుంది. నాలుగైదు పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక చిన్న డబ్బా. వీఎస్‌టీ2, వీఎస్‌టీ3, ఏయూ, ఏఏఎక్స్, ఈ మధ్య కొన్నింట్లో క్లాప్ కూడా. ఒకే ప్లగిన్‌కి ఉన్న వేర్వేరు రూపాలు ఇవి, ఫార్మాట్‌లు అంటాం. అన్నిటికీ టిక్కు ముందే పెట్టి ఉంటుంది. మనం ఏం చేస్తాం? 'నెక్స్ట్' కొట్టేస్తాం. నేనూ పదేళ్ళు అదే చేశాను. ఆ టిక్కులు నాకు ఎంతకి పడ్డాయో ముందు చెప్తాను.

2014లో ఒక పెద్దాయన కోసం భక్తి ఆల్బమ్ చేశాను. ఆయనే పాడారు, ఒకటిన్నర శ్రుతి. వెనకాల ఒక ప్యాడ్ సౌండ్, అంటే పాట కింద పరుచుకుని నిలిచే శబ్దం, వాడాను. ఎవరో ఒక్కడు ఇంట్లో కూర్చుని తయారుచేసి ఉచితంగా పెట్టిన సింథ్, అంటే కంప్యూటర్‌లోనే శబ్దం పుట్టించే వాద్యం, అది. 32 బిట్, వీఎస్‌టీ2, విండోస్‌కి మాత్రమే. అప్పట్లో ఇవన్నీ పట్టించుకునే వయసు కాదు నాది. 2021లో ఆ పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, మా మనవరాలు అవే పాటలు పాడుతుందట, ఐదున్నర శ్రుతికి మార్చి ఇవ్వు" అన్నారు. అదెంత పని అనుకున్నాను. మిడి నోట్స్ ఉన్నాయి, అంటే శబ్దం కాదు, ఏ స్వరం ఎప్పుడు నొక్కామన్న వివరాలు, ట్రాన్స్‌పోజ్ చేస్తే అయిపోతుంది. సెషన్, అంటే ఆ పాట ప్రాజెక్ట్ ఫైలు, తెరిచాను. ట్రాక్‌లన్నీ ఉన్నాయి, నోట్స్ అన్నీ ఉన్నాయి, ప్యాడ్ ఉండాల్సిన చోట మాత్రం బూడిద రంగు డబ్బా, 'ప్లగిన్ దొరకలేదు' అని. అప్పటికి నేను మ్యాక్‌కి మారిపోయాను. ఆ సింథ్ చేసినతని సైటు కూడా లేదు. మూడు రోజులు కూర్చుని అలాంటి ప్యాడ్ ఇంకోటి చేశాను. విని ఆయన ఒకే మాట అన్నారు: "బాగానే ఉంది గానీ, పాతదాంట్లో ఉన్న ఆ గుడి గాలి లేదయ్యా." ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అందుకని ఇవాళ నేను ఫార్మాట్‌ల గురించి మాట్లాడేది ఏది గొప్పది అనే లెక్కలో కాదు. ఐదేళ్ళ తర్వాత మీ సెషన్ తెరుచుకుంటుందా, మీ ఫైలు అవతలివాళ్ళ దగ్గర పలుకుతుందా అనే లెక్కలో.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. "అన్నా, వీఎస్‌టీ3 సౌండ్ ఇంకా క్లియర్‌గా ఉంటుందట కదా" అని నన్ను చాలామంది అడిగారు. ఉండదమ్మా. అమెరికా నుంచి మీ చుట్టాలు ఏదో వస్తువు పట్టుకొస్తారు, దాని పిన్ను చప్పగా రెండు రేకులతో ఉంటుంది, మన గోడలో దూరదు. పిన్ను మార్చినంత మాత్రాన లోపల మోటారు మారుతుందా? ఫార్మాట్ అంటే ఆ పిన్ను. క్యూబేస్, లాజిక్, ఎఫ్ఎల్ స్టూడియో, లైవ్ లాంటి పాటలు చేసే సాఫ్ట్‌వేర్‌లు గోడలో సాకెట్లు. వీటిని ఇవాళ్టికి హోస్ట్ అందాం. ప్లగిన్ కంపెనీలు లోపలి లెక్కలు ఒకసారే రాస్తాయి. జ్యూస్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌తో ఆ ఒక్క కోడ్ నుంచే ఏయూ, వీఎస్‌టీ3, ఏఏఎక్స్ అన్నీ దిగుతాయి. నమ్మకం లేకపోతే ఇంటికెళ్ళి చేసి చూడండి. ఒకే ఈక్యూ, ఒకే సెట్టింగు, ఒక ట్రాక్ మీద ఏయూ, ఇంకో ట్రాక్ మీద వీఎస్‌టీ3. ఒకదాని ఫేజ్ తిప్పండి, అంటే దాని అలని తలకిందులు చేయండి, రెండూ కలిపి వినండి. నిశ్శబ్దం. రెండూ ఒకటే కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కోరస్ లాగా తనంతట తాను ఊగే ఎఫెక్ట్ అయితే మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, అది రెండుసార్లు ఒకేలా పలకదు కాబట్టి.

వోల్టేజీ సంగతేంటని ఎవరో గొణుగుతున్నారు. వస్తాను, దానికే వస్తాను. (నవ్వులు)

ఈ పిన్నులు ఇన్ని రకాలుగా ఎందుకు పుట్టాయంటే, ప్రతి కంపెనీకీ తన గోడ తనది. 1996లో జర్మనీలోని హాంబర్గ్ కంపెనీ స్టైన్‌బర్గ్ క్యూబేస్‌లో వీఎస్‌టీ తెచ్చింది. వర్చువల్ స్టూడియో టెక్నాలజీ అని దాని పూర్తి పేరు. పద్ధతి బయటివాళ్ళకి కూడా ఇచ్చింది, మీరూ రాసుకోండి అని. అదీ దాని బలం. 1999లో వీఎస్‌టీ2 వచ్చింది, దాంతో ప్లగిన్‌లోకి మిడి వెళ్ళడం మొదలైంది. అంటే అప్పటిదాకా రివర్బ్, డిలే లాంటివే. ఆ తర్వాత సింథులు, పియానోలు కూడా ప్లగిన్‌లైపోయాయి. ఇవాళ మన రీరికార్డింగులు ఒక ల్యాప్‌టాప్‌లో జరుగుతున్నాయంటే ఆ మలుపు వల్లే. ఆపిల్ 2002లో లాజిక్ తయారుచేసే ఈమ్యాజిక్ కంపెనీని కొనేసింది, ఓఎస్ ఎక్స్‌లో తన సొంత ఆడియో యూనిట్స్, అంటే ఏయూ, పెట్టింది. లాజిక్‌లో ఇప్పటికీ అదొక్కటే నడుస్తుంది. ప్రో టూల్స్ అనే ఇంకో హోస్ట్ వాళ్ళకి ముందు టీడీఎం, ఆర్టాస్ అనే ఫార్మాట్‌లు ఉండేవి. 2011లో ప్రో టూల్స్ 10తో ఏఏఎక్స్ వచ్చింది, 2013లో వెర్షన్ 11తో ఆర్టాస్‌కి సెలవు.

ఇక వీఎస్‌టీ3. ఇది 2008లోనే వచ్చింది, కానీ పదేళ్ళ పాటు చాలామంది దాన్ని ముట్టుకోలేదు. వీఎస్‌టీ2 పని చేస్తోంది కదా అని ప్లగిన్‌లు రాసేవాళ్ళకి బద్ధకం. బద్ధకం అనడం అన్యాయమేమో. వీఎస్‌టీ3 రాయడం కష్టం, అందులో కొన్ని పద్ధతులు నిజంగానే తిక్కగా ఉంటాయి. ఉదాహరణకి మిడి కంట్రోలర్లు, కీబోర్డు మీద ఉండే మాడ్ వీల్ లాంటివి. వీఎస్‌టీ2లో అవి నేరుగా ప్లగిన్‌కి చేరేవి. వీఎస్‌టీ3లో హోస్ట్ అడుగుతుంది, ఈ కంట్రోలర్‌ని నీ పారామీటర్లలో, అంటే నీ నాబ్‌లలో, దేనికి కట్టాలి అని. దాంతో కొందరు ఏం చేశారంటే, పదహారు చానళ్ళు, చానల్‌కి 128 కంట్రోలర్లు లెక్కన రెండు వేలకి పైగా ఉత్తుత్తి పారామీటర్లు లోపల దాచిపెట్టారు. ఆటోమేషన్ జాబితా, అంటే పాట మధ్యలో వాటంతట అవే కదిలేలా గీసుకోగల నాబ్‌ల జాబితా, తెరిస్తే కింద బారెడు కనపడేవి అవే.

అయినా స్టైన్‌బర్గ్ పట్టు వదల్లేదు. 2018 అక్టోబర్ తర్వాత కొత్తవాళ్ళకి వీఎస్‌టీ2 లైసెన్స్ ఇవ్వడం ఆపేసింది. 2022 జనవరిలో, తన సాఫ్ట్‌వేర్‌లలో కూడా రెండేళ్ళలో వీఎస్‌టీ2ని వదిలేస్తున్నట్టు ప్రకటించింది. ఆపిల్ కొత్త చిప్పుల మీద క్యూబేస్‌ని నేరుగా నడిపితే వీఎస్‌టీ2 అసలు కనపడదు. కాబట్టి మొదటి డబ్బా సంగతి తేలిపోయింది: వీఎస్‌టీ2కి టిక్కు తీసేయండి. పాత సెషన్ తెరవాల్సిన అవసరం ఉంటేనే ఉంచండి. కొత్త పాటలో మాత్రం వాడొద్దు. ఇది నా అభిప్రాయమే, కానీ గట్టి అభిప్రాయం.

వీఎస్‌టీ3తో మనకి వచ్చిన లాభాలు చిన్నవేం కావు. సైడ్‌చెయిన్ తీసుకోండి. కిక్ కొట్టినప్పుడల్లా బేస్ తగ్గాలి, అదే కదా. వీఎస్‌టీ2 రోజుల్లో దానికి చానళ్ళు అడ్డదారిన తిప్పి నానా తంటాలు పడేవాళ్ళం. వీఎస్‌టీ3లో దానికి విడిగా తలుపు ఉంది. ఇంకోటి, లోపలికి శబ్దం రావట్లేదని తెలిస్తే ప్లగిన్ ఊరికే లెక్కలు చేయకుండా పడుకోవచ్చు. నలభై ట్రాకుల సెషన్‌లో చరణంలో మాత్రమే వాయించే ఫ్లూట్ మీద బరువైన రివర్బ్ ఉంటే, పల్లవి అంతా అది నిద్రపోతుంది. మూడోది నాకు బాగా ఇష్టమైనది: ఫైళ్ళు ఎక్కడుండాలో ఖాయం చేశారు. విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో కామన్ ఫైల్స్, అందులో వీఎస్‌టీ3. అంతే. వీఎస్‌టీ2 డీఎల్ఎల్ ఫైళ్ళని ఒక్కో ఇన్‌స్టాలర్ ఒక్కో చోట పడేసేది. నా పాత సిస్టమ్‌లో ఒకే కంప్రెసర్ మూడు ఫోల్డర్లలో మూడు వెర్షన్లుగా ఉండేది. హోస్ట్ దేన్ని ఎత్తుకుంటుందో దేవుడికే తెలియాలి.

లైసెన్స్ గురించి ఒక్క ముక్క. చాలా ఏళ్ళు వీఎస్‌టీ3కి రెండే దారులు ఉండేవి. జీపీఎల్ కింద మీ కోడ్ మొత్తం బయటపెట్టాలి, లేదా స్టైన్‌బర్గ్‌తో ఒప్పందం రాసుకోవాలి. 2025 అక్టోబర్‌లో దాన్ని ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్‌కి మార్చారు. మీలో కోడింగ్ చేసేవాళ్ళు ఉంటే, సొంతంగా ఒక తంబురా ప్లగిన్ రాసుకోవాలంటే, ఇప్పుడు ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఆ మార్పు ఊరికే రాలేదని నా అనుమానం. పక్కన క్లాప్ వచ్చి కూర్చుంది కదా. మన సినిమా వాళ్ళకి క్లాప్ అంటే ముహూర్తం రోజు కొట్టేది. (నవ్వులు) ఇది బెర్లిన్‌లో పుట్టింది. బిట్‌విగ్ అనే హోస్ట్ చేసేవాళ్ళు, యూ-హీ అనే సింథ్ కంపెనీ కలిసి 2022 జూన్‌లో విడుదల చేశారు, మొదటి రోజు నుంచే ఎంఐటీ లైసెన్స్. బిట్‌విగ్, రీపర్, ఎఫ్ఎల్ స్టూడియోలో నడుస్తుంది. లాజిక్‌లో నడవదు, ప్రో టూల్స్‌లో నడవదు. స్కాన్ చేసేటప్పుడు ప్లగిన్ మొత్తాన్ని లేపకుండానే దాని పేరూ వివరాలూ చదువుకోవచ్చు. వందల ప్లగిన్‌లు ఉన్నవాళ్ళకి ఆ సుఖం తెలుస్తుంది.

కానీ క్లాప్‌లో నాకు అసలైన ఆకర్షణ వేరే చోట ఉంది, ఇక్కడ కాస్త ఆగుతాను. మన సంగీతానికి గమకం కావాలి. తోడిలో గాంధారం తీసుకోండి, అది మధ్యమం వైపు ఊగకుండా కదలకుండా నిలబడితే తోడే కాదు. కీబోర్డు మీద వీణ సౌండుతో ఇది వాయించాలంటే పిచ్ వీల్ తిప్పుతాం. ఆ తిప్పడం, అంటే పిచ్ బెండ్, మిడిలో మొత్తం చానల్‌కి పడుతుంది. అంటే మీరు కుడిచేత్తో గాంధారం ఊపుతుంటే, అదే సౌండులో ఎడమచేత్తో పట్టుకున్న షడ్జం కూడా దాంతో పాటే ఊగుతుంది. శ్రుతి ఊగిపోతే ఇక పాటేముంది? మనం ఏం చేస్తున్నాం? షడ్జానికి వేరే ట్రాక్ పెట్టుకుంటున్నాం. నేనూ ఇప్పటికీ చాలాసార్లు అదే చేస్తాను, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

వేరే దారులు ఉన్నాయి. ఒకటి ఎంపీఈ. ఒక్కో నోటుకి ఒక్కో చానల్ ఇచ్చి ఊపడం. ఇది మిడిలోనే ఉన్న ఏర్పాటు కాబట్టి ప్లగిన్‌కి ఆ తెలివి ఉంటే ఏ ఫార్మాట్ అయినా ఫర్వాలేదు. రెండోది వీఎస్‌టీ3లో నోట్ ఎక్స్‌ప్రెషన్. నోటు ఒక్కదాన్ని పట్టుకుని దాని పిచ్‌ని, గట్టిదనాన్ని విడిగా గీయొచ్చు. క్యూబేస్‌లో నోటు మీద రెండుసార్లు నొక్కితే గీత గీసుకునే చోటు వస్తుంది. మూడోది క్లాప్. అందులో నోటుకి నోటుకి వేరుగా ఏ పారామీటర్‌నైనా కదిలించొచ్చు, పైగా ఆ కదలిక తాత్కాలికం. నాబ్ అసలు విలువ చెడదు, కదలిక ఆపగానే మళ్ళీ తన చోటుకి వస్తుంది. బిట్‌విగ్‌లో క్లాప్ సింథ్ పెట్టి గాంధారాన్ని మాత్రమే ఊపి, ఆ ఊపుతో పాటే ఫిల్టర్ కొద్దిగా తెరుచుకునేలా కట్టి చూశాను. వీణ అనను, కానీ కీబోర్డు అని కూడా అనిపించలేదు. చిక్కేంటంటే సింథ్ తయారుచేసినవాళ్ళు ఆ సదుపాయం రాసి ఉండాలి. మన వాద్యాలని నోటు నోటుగా రికార్డ్ చేసి పెట్టిన శాంపిల్ లైబ్రరీల్లో ఎక్కువ భాగం ఇంకా పాత పిచ్ వీల్ దగ్గరే ఉన్నాయి. ఫార్మాట్ దారి తెరిచింది, నడిచేవాళ్ళు తక్కువ.

ఏఏఎక్స్ గురించి తొందరగా చెప్పేస్తాను. మీ హోస్ట్ ప్రో టూల్స్ అయితే అది తప్పదు, కాకపోతే ఆ టిక్కు అనవసరం. ప్లగిన్ చేసినవాళ్ళు ఏఏఎక్స్‌కి పేస్ అనే సంస్థ టూల్స్‌తో డిజిటల్ సంతకం పెట్టించాలి, లేకపోతే ప్రో టూల్స్ దాన్ని లోపలికి రానివ్వదు. అందుకే చిన్న చిన్న ఉచిత ప్లగిన్‌లు ఏఏఎక్స్‌లో తక్కువ. బ్లూ క్యాట్ ప్యాచ్‌వర్క్ లాంటిదొకటి పెట్టుకుని దాని లోపల వీఎస్‌టీ3లు తెరుచుకునేవాళ్ళు ఉన్నారు. అదొక ఎక్స్‌టెన్షన్ బోర్డు అనుకోండి. పనిచేస్తుంది, కానీ ఫైనల్ మిక్స్ రోజు దాని మీద ఆధారపడితే నాకు టెన్షన్.

మ్యాక్ వాళ్ళు, మీ సంగతి. లాజిక్, గ్యారేజ్‌బ్యాండ్ అయితే ఏయూ, ఇంకో ఆలోచనే లేదు. లాజిక్ కొత్త ప్లగిన్ కనపడగానే దానికి పరీక్ష పెడుతుంది, తప్పితే పక్కన పెట్టేస్తుంది. ప్లగిన్ ఇన్‌స్టాల్ అయినా కనపడట్లేదంటే ముందు ప్లగిన్ మేనేజర్‌లో చూసి మళ్ళీ స్కాన్ చేయించండి. ఐప్యాడ్‌లో లాజిక్ వాడేవాళ్ళకి ఏయూలో కొత్త రకమైన ఏయూవీ3 మాత్రమే పనికొస్తుంది, మీ మ్యాక్‌లో కొన్న మామూలు ఏయూ అక్కడికి రాదు. ఇక మ్యాక్‌లో లైవ్, క్యూబేస్, రీపర్ వాడేవాళ్ళకి నా సలహా వీఎస్‌టీ3. ఎందుకంటే రేపు మీరు విండోస్ వాళ్ళతో పనిచేయాల్సి రావొచ్చు. లైవ్‌లో ఏయూ పెట్టి చేసిన సెషన్ విండోస్ లైవ్‌లో తెరిస్తే ఆ ప్లగిన్‌లన్నీ పోతాయి. వీఎస్‌టీ3 అయితే అవతలివాళ్ళ దగ్గర అదే ప్లగిన్ ఉంటే చాలు.

ఇప్పుడు వోల్టేజీ. పిన్ను సరిపోయినంత మాత్రాన వస్తువు నడవదు, కరెంటు కూడా సరిపోవాలి. నా భక్తి ఆల్బమ్ ప్యాడ్ అక్కడే చచ్చిపోయింది. 32 బిట్ ప్లగిన్ 64 బిట్ హోస్ట్‌లో నేరుగా తెరుచుకోదు. మ్యాక్‌లో 2019లో కాటలీనా అనే మ్యాక్ ఓఎస్ వెర్షన్‌తో 32 బిట్ మొత్తానికే పోయింది. 2020లో ఆపిల్ సొంత చిప్పులు వచ్చాయి. అంతకుముందున్న ఇంటెల్ చిప్పుల కోసం రాసిన ప్లగిన్‌లు రోసెట్టా అనే ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తున్నాయి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కూడా మెల్లగా తీసేస్తామని ఆపిల్ 2025లో చెప్పేసింది. కాబట్టి ప్లగిన్ కొనేముందు ఫార్మాట్ ఒక్కటే చూడొద్దు, ఆపిల్ సిలికాన్‌కి, అంటే ఆ సొంత చిప్పులకి, నేరుగా ఉందా అని కూడా చూడండి. కొత్త మ్యాక్ కొని, పాత ఇంటెల్ ప్లగిన్‌ల కోసం లాజిక్‌ని రోసెట్టాలో నడుపుతున్న మిత్రులు నాకు తెలుసు. ఇంకా సమయం ఉంది కదా అంటారు. నేనూ 2014లో అలాగే అన్నాను.

సరే, ప్రశ్నలు ఉంటే తీసుకుంటాను.

*అన్నా, పాత సెషన్లలో వీఎస్‌టీ2 ఉంది. అదే ప్లగిన్ వీఎస్‌టీ3 పెట్టుకుంటే దానంతట అదే మారిపోతుందా?*

కొన్ని హోస్టుల్లో, కొన్ని ప్లగిన్‌లకి మారుతుంది. ప్లగిన్ చేసినవాళ్ళు 'పాతదాని స్థానంలో నన్ను తీసుకో' అని లోపల రాసి ఉంటేనే. ఎక్కువసార్లు ఆ రెండూ హోస్ట్‌కి వేర్వేరు మనుషులే. చేత్తో మార్చుకోవాలి. పాతది తెరిచి, ప్లగిన్ సొంత ప్రీసెట్ మెనూలో సేవ్ చేయండి. హోస్ట్ మెనూలో కాదు, అది ఫార్మాట్‌కో రకం ఫైలు రాస్తుంది. తర్వాత వీఎస్‌టీ3 తెరిచి, దాని మెనూలోంచి అదే ప్రీసెట్ ఎత్తుకోండి. ఆటోమేషన్ గీతలు మళ్ళీ కట్టుకోవాల్సి వస్తుంది. కొత్తది సరిగ్గా పలికిందని చెవులతో విన్న తర్వాతే పాతదాన్ని తీసేయండి.

*సార్, నేను విండోస్‌లో ఎఫ్ఎల్, మా రైటర్-సింగర్ లాజిక్. ఇద్దరికీ కుదిరే ఫార్మాట్ ఏది?*

వేవ్ ఫైల్! (నవ్వులు, చప్పట్లు) నిజంగానే చెప్తున్నాను. ఎఫ్ఎల్ సెషన్ లాజిక్‌లో తెరుచుకోదు, ఫార్మాట్ ఏదైనా సరే. ప్రతి ట్రాక్‌నీ పాట మొదటి బార్ నుంచి చివరిదాకా బౌన్స్ చేయండి, అంటే ఆడియో ఫైలుగా దించండి, ఎఫెక్ట్‌లతో ఒకటి, లేకుండా ఒకటి. పక్కన మిడి ఫైలు, టెంపో రాసిన చిన్న నోట్. శ్రుతి కూడా రాయండి, మనవాళ్ళు అది మర్చిపోతారు. ఇద్దరి దగ్గరా ఒకే సింథ్ ఉంటే దాని ప్రీసెట్ కూడా పంపండి, అది మీకు వీఎస్‌టీ3లో, ఆయనకి ఏయూలో తెరుచుకుంటుంది.

*అన్నా, అన్ని ఫార్మాట్‌లూ ఇన్‌స్టాల్ చేస్తే డిస్క్ నిండిపోతుందా?*

పెద్దగా నిండదు. శాంపిల్స్ ఒకేచోట ఉంటాయి, వాటిని అన్ని ఫార్మాట్‌లూ పంచుకుంటాయి. డిస్క్ కాదు, మతి పోతుంది. జాబితాలో ఒకే పేరు మూడుసార్లు కనపడుతుంది. అర్ధరాత్రి తొందరలో పల్లవికి వీఎస్‌టీ2, చరణానికి వీఎస్‌టీ3 పెట్టేస్తారు. తర్వాత ఏది ఎక్కడుందో వెతుక్కోవాలి.

*సార్, మీ 2014 ప్యాడ్ మళ్ళీ దొరికిందా?*

(నవ్వు) దొరికింది. ఆ సింథ్ ఉన్న పాత డెస్క్‌టాప్‌ని అమ్మలేదు, అటక మీద ఉంది. ఆ సంగతి గుర్తొచ్చేసరికి పెద్దాయనకి కొత్త వెర్షన్ ఇచ్చేసి ఏడాదైంది. దించి, దుమ్ము దులిపి, ఇంటర్నెట్‌కి కలపకుండానే లేపాను. లేచింది. ఆ ప్యాడ్‌లో ప్రతి నోటునీ, మంద్రం నుంచి తారం దాకా, ఒక్కోటి ఇరవై సెకండ్ల చొప్పున వేవ్‌లుగా రికార్డ్ చేసుకున్నాను. ఇప్పుడది ఏ శాంప్లర్‌లో అయినా పలుకుతుంది. పెద్దాయనకి పంపాను, ఐదున్నర శ్రుతిలోనే. "ఆఁ, ఇదీ" అన్నారు. డెస్క్‌టాప్ మాత్రం మళ్ళీ అటకెక్కలేదు, హాల్లో దివాను కింద ఉంది, మా ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది.